పాత చేతక్ కొనే ముందు మెకానిక్‌ను వెతుక్కోండి

పాత బజాజ్ చేతక్ స్కూటర్ కొనాలని మనసు పడినవారు బండిని చూడటానికి వెళ్లే ముందు, ఇంటి నుంచి తోసుకుంటూ వెళ్లగలిగినంత దూరంలో దాన్ని విప్పి బిగించగల మెకానిక్ ఉన్నాడో లేడో తెలుసుకోవాలి. చేతక్‌ను ఏళ్ల తరబడి ఉంచుకున్నవారినీ, ముచ్చటపడి కొని ఆరు నెలల్లో అమ్ముకున్నవారినీ నేను చాలామందిని చూశాను. వారి మధ్య తేడా బండి బాగోగుల్లో కంటే మెకానిక్ దగ్గరే ఎక్కువగా కనిపించింది. అలాంటి మెకానిక్‌ను పట్టుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. హైదరాబాద్‌లో అయితే పుత్లీబౌలి, జాంబాగ్ ప్రాంతాల్లోనూ, విజయవాడలో అయితే ఆటోనగర్‌లోనూ, ఇతర ఊళ్లలో పాత బస్టాండు చుట్టుపక్కలా ఉండే విడిభాగాల దుకాణాలకు వెళ్లి, చేతక్ క్లచ్ ప్లేట్లు, గేర్ వైర్లు తరచుగా ఎవరు కొంటున్నారో అడగండి. వారు చెప్పే పేరే మీకు కావలసిన పేరు. 2020 జనవరి నుంచి చేతక్ పేరుతోనే అమ్ముతున్న విద్యుత్ స్కూటర్ షోరూములో ఈ పాత బండికి వైద్యం దొరకదు, ఎందుకంటే ఆ రెండింటికీ పేరు తప్ప మరే పోలికా లేదు.

ఇటలీ కంపెనీ పియాజియో అనుమతితో 1960ల నుంచి మన దేశంలో వెస్పా స్కూటర్లు తయారుచేసిన బజాజ్ సంస్థ, ఆ ఒప్పందం ముగిశాక 1972లో రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టి చేతక్‌ను తెచ్చింది. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన తరం, పెళ్లి మాటల్లో స్కూటర్‌ను కూడా లెక్కగట్టిన తరం ఇంకా మన మధ్యనే ఉన్నాయి. 2000 దశకం మధ్యలో తయారీ ఆగిపోయింది కాబట్టి, ఇప్పుడు దొరికే బళ్లలో అన్నిటికంటే చిన్నదానికి కూడా దాదాపు ఇరవై ఏళ్ల వయసు ఉంటుంది. చివరి కాలంలో ఫోర్ స్ట్రోక్ చేతక్ కూడా వచ్చినప్పటికీ, ఎక్కువమంది వెతుక్కునేది 145 సీసీ టూ స్ట్రోక్ బండిని కనుక ఇక్కడ చెప్పేవన్నీ దానికి సంబంధించినవే.

కొనేవారు ముందుగా తమ అవసరాన్ని నిజాయితీగా లెక్క వేసుకోవాలి. రోజూ ఇరవై ముప్పై కిలోమీటర్లు ట్రాఫిక్‌లో తిరిగేవారికి ఎడమ చేతితోనే క్లచ్ నొక్కుతూ అదే పిడిని తిప్పి గేరు మార్చడం మణికట్టు నొప్పిగా మారుతుంది. పది అంగుళాల చిన్న చక్రాలు, డ్రమ్ బ్రేకులు హైవే మీది వేగానికి సరిపోవు. ఇంజిన్ మొత్తం కుడివైపే ఉండటం వల్ల బండి బరువు అటు లాగుతుంటుంది. వెనక ఒకవైపుగా కూర్చున్నవారి కాళ్లు ఎడమవైపు ఉండటం వల్ల ఆ బరువు కొంత సర్దుకుంటుందని మా ఇంట్లో పెద్దలు నవ్వుతూ అనేవారు. 2000 తర్వాత గేర్లు లేని హోండా యాక్టివా వచ్చాక చేతక్ వెనకబడిపోవడానికి పెట్రోలు ఖర్చొక్కటే కారణమని నేను అనుకోను. బటన్ నొక్కితే స్టార్టయ్యే బండిని ఇంట్లో అందరూ నడపగలిగారు, చేతక్‌ను మాత్రం చాలా ఇళ్లలో నాన్నగారొక్కరే నడిపారు. కాబట్టి మీ ఇంట్లో ఉండబోయేది ఇదొక్కటే బండి అయితే కొనవద్దని నా సలహా. కూరగాయల మార్కెట్‌కూ, గుడికీ, నాలుగు వీధుల అవతలి స్నేహితుడి ఇంటికీ వెళ్లడానికైతే దీనికి సాటి వచ్చే బండి తక్కువ.

బండి చూడటానికి ఉదయమే వెళ్లండి. మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని అమ్మేవారికి ముందే చెప్పి, వెళ్లగానే సైలెన్సర్ మీద చెయ్యి పెట్టి చూడండి. అది వెచ్చగా ఉంటే, చల్లని ఇంజిన్‌లో బయటపడే లోపాన్ని దాచడానికి ముందే తిప్పారని అనుమానించవచ్చు. కిక్ రాడ్‌ను కాలితో కొట్టే ముందు చేత్తో నెమ్మదిగా నొక్కితే ఒకచోట గట్టిగా అడ్డు తగలాలి. అడ్డు లేకుండా జారిపోతే పిస్టన్ రింగులో, బోరో (పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి గోడ) అరిగినట్లు. చోక్ లాగి మూడు నాలుగు కిక్కులలోపు అందుకుంటే ఇంజిన్ బాగున్నట్లే. స్కూటర్‌ను పక్కకు వంచి, మళ్లీ నిలబెట్టి కిక్ కొట్టే దృశ్యం మనందరికీ గుర్తే కానీ, అది రోజూ చేయవలసిన పని కాదు. చాలా రోజులు నిలిపి ఉంచిన బండికైతే సరే, నిన్న తిరిగిన బండిని కూడా ఈరోజు వంచవలసి వస్తుంటే కార్బురేటరో, చోకో శుభ్రం చేయించాలని అర్థం.

పొగను చూసి భయపడకుండా దాన్ని చదవడం నేర్చుకోవాలి. పెట్రోలులో నూనె కలుపుకుని తిరిగే ఇంజిన్ కాబట్టి మొదట్లో కొంత పొగ సహజం. బండి వేడెక్కి పది నిమిషాలైనా తెల్లని పొగ దట్టంగా వస్తూ, గేర్‌బాక్సులో నూనె మట్టం తగ్గుతూ ఉంటే క్లచ్ వైపు ఆయిల్ సీల్ (నూనెను ఆపే రబ్బరు వలయం) పోయి గేర్ ఆయిల్ ఇంజిన్‌లోకి చేరుతున్నట్లు. ఎక్సలరేటర్ వదిలినా ఇంజిన్ వేగం తగ్గకుండా గొంతు చించుకుంటుంటే, మాగ్నెట్ (ఇంజిన్‌తో పాటు తిరిగి విద్యుత్తు పుట్టించే భాగం) వైపు సీల్ నుంచి గాలి లోపలికి పోతూ ఉండవచ్చు. ఈ రెండో లోపాన్ని నిర్లక్ష్యం చేస్తే, గాలి ఎక్కువై నూనె కలిసిన పెట్రోలు చాలక పిస్టన్ పట్టేస్తుంది, అంటే సిలిండర్‌లో బిగుసుకుపోతుంది. సీల్ ఖరీదు స్వల్పమే అయినా, దాన్ని మార్చడానికి ఇంజిన్ విప్పాలి కాబట్టి కూలి ఎక్కువ అవుతుందని బేరమాడేటప్పుడు గుర్తుంచుకోండి. ఆ తర్వాత బండిని ఒక ఎత్తు మీదికి రెండో గేరులో ఎక్కించి, ఎక్సలరేటర్‌ను ఒకసారి వదిలి మళ్లీ గట్టిగా ఇవ్వండి. గేరు దానంతట అదే జారిపోతే వైరు బిగిస్తే సరిపోవచ్చు, లోపల గేర్లను పట్టి ఉంచే భాగం అరిగిపోయి ఉండవచ్చు కూడా. ఏది కారణమో మీ మెకానిక్ చెప్పేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.

అన్నిటికంటే ముఖ్యంగా చూడవలసింది బాడీని. చేతక్‌కు వేరే ఫ్రేమ్ ఉండదు, రేకు బాడీయే ఫ్రేమ్ కాబట్టి, కాళ్లు పెట్టుకునే చోట తుప్పు పట్టడమంటే బండి వెన్నెముకకు తుప్పు పట్టినట్లే. రబ్బరు మ్యాట్ ఎత్తి చూడండి, కింద కూర్చుని రూపాయి బిళ్లతో తట్టి చూడండి. మంచి రేకు ఖంగుమంటుంది, పుట్టీ మెత్తిన చోట శబ్దం మందకొడిగా వస్తుంది. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్లడం నా అలవాటు. కిందటేడాది ఒక మిత్రుడి కోసం చూసిన బండి పెళ్లికూతురిలా మెరిసిపోతోంది గానీ, కుడివైపు అడుగున అయస్కాంతం ఒక్కచోటా అంటుకోలేదు, వేలితో నొక్కితే రంగు పెళ్లలుగా లేచింది. ఆ బండిని వదిలేసి, రంగు వెలిసిపోయి గీతలు పడిన మరొకటి కొన్నాం, అదే ఇప్పటికీ తిరుగుతోంది.

కాగితాల విషయంలో మొహమాటం పనికిరాదు. ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో ఒక్కొక్క అంకె చొప్పున సరిపోవాలి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసుకుంటే, రంగు కింద కనిపించని అంకె కూడా తేలుతుంది. సొంత వాహనాలకు మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లే చెల్లుతుంది కనుక, ఆ తర్వాత ఐదేళ్లకొకసారి రవాణా శాఖ అధికారికి బండి చూపించి పునరుద్ధరించుకోవాలి. ద్విచక్ర వాహనాలకు ఈ రుసుమును 2022 ఏప్రిల్‌లో 300 నుంచి 1,000 రూపాయలకూ, ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో 2,000 రూపాయలకూ పెంచారు. దీనికి హరిత పన్ను, బకాయి చలానాలు, బీమా కలుపుకుని చూస్తే కొన్నిసార్లు బండి ధరను కాగితాల ఖర్చు అందుకుంటుంది. వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండి అయితే ఎన్‌ఓసీ (అక్కడి రవాణా కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం) చేతికి రాకుండా డబ్బు ఇవ్వకండి.

కొన్న తర్వాత చేయవలసిన పనులు ఎక్కువ లేవు గానీ, క్రమం తప్పకూడదు. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ-టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ల నూనె) చొప్పున కొలిచి కలపండి. ఇందుకు పిల్లల మందు సీసా మూత కంటే మంచి కొలపాత్ర లేదు. ‘కాస్త ఎక్కువైతే ఇంజిన్‌కు మంచిదే’ అనుకోవడం పొరపాటు, ఎందుకంటే మిగిలిన నూనె మసిగా మారి ప్లగ్గునూ సైలెన్సర్‌నూ మూసేస్తుంది. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, అది ఇంకా పెద్ద ఖర్చు. ఈ ఇంజిన్‌కు నూనె పెట్రోలుతోనే అందుతుంది కాబట్టి, అరకు ఘాట్ రోడ్డు వంటి పొడవైన దిగుడుల్లో ఎక్సలరేటర్ పూర్తిగా మూసేసి గేరు మీదే కిలోమీటర్ల కొద్దీ దిగకూడదు, మధ్యమధ్య కొద్దిగా ఇస్తూ ఉండాలి. నడుస్తుండగా ఇంజిన్ పట్టేసినట్లనిపించిన మరుక్షణం క్లచ్ నొక్కితే వెనక చక్రం బిగుసుకుపోకుండా ఉంటుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. ఆ రోజుల్లో తయారైన రబ్బరు గొట్టాలు, వాషర్లు దీన్ని తట్టుకునేలా చేసినవి కావు, పైగా ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఇనుప ట్యాంకు లోపల తుప్పు పట్టే అవకాశం పెరుగుతుంది. అందువల్ల పెట్రోలు గొట్టాన్ని కొనగానే మార్చండి, దాన్ని మధ్యమధ్య వేలితో నొక్కి చూసి మెత్తబడినా, పగిలినా మళ్లీ మార్చండి. వారం పది రోజులు బండి తీయరనుకుంటే పెట్రోలు ట్యాప్ కట్టేసి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడపండి. అప్పుడు కార్బురేటర్ ఖాళీ అవుతుంది, జిగురు పేరుకోదు.

బండి డబ్బాలో ఒక క్లచ్ వైరు, ఒక ఎక్సలరేటర్ వైరు, ఒక ప్లగ్గు, ప్లగ్గు పానా ఎప్పుడూ ఉండాలి. పంక్చరైతే స్టెప్నీ మార్చుకుని పది నిమిషాల్లో కదలవచ్చు. ముందు చక్రం, వెనక చక్రం ఒకే కొలత కావడం ఈ బండి ఇచ్చే గొప్ప సుఖం. అయితే ఒక హెచ్చరిక ఉంది. చక్రాన్ని డ్రమ్ముకు పట్టి ఉంచే నట్లు వేరు, రెండు ముక్కల రిమ్మును కలిపి ఉంచే నట్లు వేరు. ట్యూబులో గాలి ఉండగా ఆ రెండో రకం నట్లు విప్పితే రిమ్ము ముక్కలు బలంగా విడిపోయి ముఖానికి తగలవచ్చు. అందుకే ట్యూబు తీసే ముందు గాలి పూర్తిగా వదలాలి.

ఇక వదులుకోవలసిన సమయం ఎప్పుడు వచ్చిందో గుర్తించడం చాలామందికి చేతకాదు. బోరు కొట్టించిన ప్రతిసారీ సిలిండర్ కొద్దిగా పెద్దదవుతుంది, దానికి సరిపడే పెద్ద పిస్టన్లు కొన్ని కొలతల వరకే దొరుకుతాయి. ఆ చివరి కొలత కూడా అయిపోయి, అడుగు రేకు కూడా తుప్పు తిన్నదైతే, మీరు ఇంకా పెట్టే డబ్బు జ్ఞాపకం కోసమే పెడుతున్నట్లు. ఆ విషయం తెలిసి పెడితే తప్పులేదు. మోకాలి నొప్పి ఉన్నవారు కిక్‌తో పోరాడవద్దు. మెకానిక్ పని మానుకుని, అతని కొడుకు వేరే ఉద్యోగానికి వెళ్లిపోయినా, బండి బాగున్న రోజుల్లోనే మంచి ధరకు ఇచ్చేయడం మేలు. ఆరు నెలలు గోడ పక్కన నిలబడిన చేతక్‌కు, తిరుగుతున్న చేతక్‌కు ధరలో చాలా తేడా ఉంటుంది.

అమ్మేటప్పుడు పేరు మార్పిడికి వాడే ఫారం 29, ఫారం 30 మీద ఖాళీగా సంతకాలు పెట్టి ఇచ్చే అలవాటును దయచేసి మానండి. మా నాన్నగారి చేతక్‌ను అలాగే ఒక బ్రోకరుకు ఇచ్చేశాం. మూడేళ్ల తర్వాత, మేము ఎన్నడూ వెళ్లని ఊరి సిగ్నల్ దగ్గర పడిన జరిమానా మా ఇంటి చిరునామాకు వచ్చింది. జరిమానాతో పోయింది గనుక సరిపోయింది. పేరు మార్పిడి జరగని బండి ప్రమాదం చేస్తే, ఆర్‌సీలో పేరున్నవారినే యజమానిగా చూడాలని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కాబట్టి బండి అదే రాష్ట్రంలో ఉండేటట్లయితే పద్నాలుగు రోజులలోపు, వేరే రాష్ట్రానికి వెళ్లేటట్లయితే నలభై ఐదు రోజులలోపు అమ్మకాన్ని రిజిస్ట్రేషన్ కార్యాలయానికి తెలియజేసి, పేరు మారేదాకా వెంటపడండి. తుక్కుకు ఇచ్చేవారు కూడా వీధి చివరి పాత ఇనుము కొట్టుకు కాకుండా ప్రభుత్వ గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రానికి అప్పగించి, అక్కడిచ్చే డిపాజిట్ పత్రంతో ఆర్‌సీని రద్దు చేయించుకోవాలి.

కొన్నవారికి తాళంతో పాటు స్టెప్నీ, పానాలు, నూనె కొలిచే మూత, మీ మెకానిక్ ఫోన్ నంబరు కూడా ఇవ్వండి. కుదిరితే వారిని వెంటబెట్టుకుని ఒకసారి అతని దగ్గరికి వెళ్లి, ఫలానా బండి ఇకనుంచి వీరిదని చెప్పి రండి.