స్లైస్ ఒకటే, కారణాలు మూడు: గోల్ఫ్ కోచ్ ఎలా పట్టుకుంటారు?

కింద చెప్పేవన్నీ కుడిచేతి వాటం వాళ్లకు. ఎడమచేతి వాటమైతే కుడి ఎడమలు మార్చి చదువుకోండి.

సమస్య: డ్రైవర్‌తో (దూరం కొట్టే పొడవాటి క్లబ్‌తో) కొడితే బంతి కుడికి వంగిపోతోంది

బంతికి తగిలే క్షణంలో క్లబ్ వెళ్లే దారికంటే క్లబ్ ఫేస్ (బంతిని కొట్టే ముఖం) కుడికి తెరుచుకుని ఉంటే ఇలా వంగిపోతుంది, దీన్నే స్లైస్ అంటారు. ఎందుకు తెరుచుకుంటోందన్నదే మనిషికో రకం. అందుకే మంచి కోచ్ ముందు కొన్ని బంతులు కొట్టించి, ఏమీ మాట్లాడకుండా చూస్తారు. రాగానే "తల కదపొద్దు" అని మొదలుపెట్టారంటే నాకైతే అనుమానమే.

ముందు చూడాల్సింది బంతి ఎటు బయలుదేరిందన్నది. అది దాదాపుగా ఫేస్ చూస్తున్న వైపే బయలుదేరుతుంది.

ఎడమకు బయలుదేరి కుడికి తిరిగితే, స్వింగ్ బయటి నుంచి లోపలికి, అంటే ఒంటికి దూరం నుంచి దగ్గరికి, కోస్తున్నట్టు. చాలాసార్లు భుజాలు ముందే ఎడమకు తిరిగి ఉంటాయి. కాలివేళ్ల ముందు నేలమీద ఒక కర్ర పెట్టి, భుజాలను దానికి సమాంతరంగా తెచ్చుకోవాలి.

కుడికే బయలుదేరి ఇంకా కుడికి పోతే గ్రిప్, అంటే క్లబ్‌ను పట్టుకునే తీరు, చూడాలి. పైనుంచి చూసినప్పుడు ఎడమచేతి కణుపు ఒక్కటే కనిపిస్తుంటే, రెండు మూడు కనిపించేదాకా చేతిని కుడికి తిప్పాలి. మొదట్లో చాలా ఇబ్బందిగా ఉంటుంది, బంతి ఎడమకు పోవచ్చు కూడా. కంగారుపడి పాత పట్టుకు వెళ్లకండి.

మూడోది చాలామంది చూడరు. ఫేస్ మీద ఫుట్ పౌడర్ స్ప్రే చేసి కొట్టండి. బంతి తగిలిన మచ్చ షాఫ్ట్ (క్లబ్ కడ్డీ) వైపు, అంటే హీల్ దగ్గర పడుతుంటే, ఆ దెబ్బకే డ్రైవర్ బంతి కుడికి తిరుగుతుంది. గ్రిప్ ముట్టుకోకుండా, బంతికి కాస్త దూరంగా నిలబడి చూడాలి.

సమస్య: ఐరన్ అనే క్లబ్‌తో కొడితే, అది బంతి కంటే ముందు నేలకు తగులుతోంది

బరువు కుడికాలి మీదే ఉండిపోతోంది. అలవాటే అయితే, నేలమీద గీత గీసి, క్లబ్ తగిలిన గుర్తు గీత దాటి లక్ష్యం వైపు పడేలా సాధన చేస్తే సరిపోతుంది. నడుమో మోకాలో పట్టేసిన మనిషికి అదే చెబితే నొప్పే మిగులుతుంది. ఆయనకు మొదటి నుంచే ఎడమకాలి మీద కొంచెం బరువు ఎక్కువ పెట్టించి, బ్యాక్‌స్వింగ్ (క్లబ్‌ను వెనక్కి ఎత్తడం) తగ్గించాలి.

సమస్య: స్వింగ్ చూడ్డానికి బాగోలేదు

బంతి అనుకున్నచోటికే పోతుంటే ఇది సమస్యే కాదు. అమెరికా గోల్ఫర్ జిమ్ ఫ్యూరిక్ స్వింగ్ పైకి వెళ్లినచోట ఒక మెలిక తిరుగుతుంది. ఆయనకు కోచ్ తండ్రే. ఆ మెలికను తీసేయలేదు. ఫ్యూరిక్ 2003లో యూఎస్ ఓపెన్ గెలిచారు, 2016లో ఒక రౌండ్‌ను 58 షాట్లలో ముగించారు.

సమస్య: ప్రతి గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నని గడ్డి) మీదా మూడు పట్‌లు (బంతిని నేలమీద దొర్లించే దెబ్బలు)

తరచుగా తప్పు దిక్కులో కాదు, దూరంలో. దూరం నుంచి కొట్టే మొదటి పట్ సాధన చేయండి.

సమస్య: రేంజ్‌లో (సాధన చేసే చోట) బాగా, కోర్సులో ఘోరంగా

రేంజ్‌లో ఒకే క్లబ్‌తో ఒకేవైపు కొడుతుంటే చెయ్యి కుదురుకుంటుంది. కోర్సులో ఒకే షాట్ వెంటవెంటనే రెండోసారి రాదు. ప్రతి బంతికీ క్లబ్, లక్ష్యం రెండూ మార్చండి.