హెడ్ దించే ముందు: పికప్ ఇంజిన్ వేడెక్కుతుంటే వెతకవలసిన కారణాలు

మదనపల్లె నుంచి చింతామణి, హొసకోటె మీదుగా టమాటా లోడుతో బెంగళూరు వచ్చే డీజిల్ పికప్ బండ్ల డ్రైవర్ల నోట తరచుగా వినే ఫిర్యాదు ఒకటుంది. ఇంజిన్ వేడెక్కుతోంది, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయి, కారే చోటు మాత్రం కనబడటం లేదు. ఈ మాట వినగానే హెడ్ గ్యాస్కెట్ పోయిందని తేల్చేసి, ఆ పూటే హెడ్ దించే మెకానిక్కులు చాలామంది ఉన్నారు. మా తమ్ముడి బండికీ అలాగే జరిగింది. ఒక వర్క్‌షాపులో హెడ్ విప్పి కొత్త గ్యాస్కెట్ వేశారు. పది రోజులు తిరగకముందే నీళ్లు మళ్లీ తగ్గాయి. చివరికి చిల్లు పడినది ఈజీఆర్ కూలర్‌కని, అంటే ఇంజిన్‌లోకి తిరిగి పంపే ఎగ్జాస్ట్ గ్యాస్‌ను చల్లార్చే భాగానికని తేలింది. ఆ గ్యాస్కెట్ ఖర్చూ, అన్ని రోజుల కిరాయీ తిరిగి రాలేదు. అందువల్ల హెడ్ బోల్టు మీద పానా పెట్టే ముందు నిర్ధారణకు ఒక పూట కేటాయించమని డ్రైవర్లనూ మెకానిక్కులనూ కోరుతున్నాను.

ఇంజిన్ బ్లాకుకూ, దాని మీద కూర్చునే హెడ్‌కూ నడుమ ఉండే పలుచని పొరే హెడ్ గ్యాస్కెట్. సిలిండర్లలోని మంట ఒత్తిడినీ, ఆయిల్ దారులనూ, నీటి దారులనూ ఇది ఒకదానితో ఒకటి కలవకుండా వేరు చేసి ఉంచుతుంది. ఏ రెండింటి నడుమ తెగిందో దాన్నిబట్టి లక్షణం మారుతుంది. మంట నీటి దారిలోకి చొరబడితే రేడియేటర్‌లో బుడగలు వస్తాయి, నీరు సిలిండర్‌లోకి దిగితే తెల్లని పొగ వస్తుంది, ఆయిల్‌లో కలిస్తే ఆయిల్ పాల టీ రంగుకు తిరుగుతుంది. పక్కపక్క సిలిండర్ల నడుమ మాత్రమే తెగితే నీళ్లు చుక్క కూడా తగ్గవు. బండి లాగదు, ఐడిల్‌లో వణుకుతుంది, అంతే.

వేడి ఎక్కడ ఎక్కుతోంది?

డ్రైవర్‌ను అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర బండి పాకుతున్నప్పుడు ముల్లు పైకి పోయి, హైవే ఎక్కగానే దిగివస్తే, రేడియేటర్ గుండా గాలి చాలడం లేదని అర్థం. ఫ్యాన్ క్లచ్ జారుతోందా, ఫ్యాన్ బెల్టు వదులైందా, ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య దుమ్ము పేరుకుందా అని ముందు చూడాలి. అలాకాక, చెన్నై నుంచి లోడుతో తిరిగి వస్తూ మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే వేడెక్కితే, రేడియేటర్ లోపల పూడిక, పూర్తిగా తెరుచుకోని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక నీటికి దారి తెరిచే వాల్వు), అరిగిన వాటర్ పంప్, హెడ్ గ్యాస్కెట్ అనే నాలుగూ అనుమానితులే. బెంగళూరులో చాలా బండ్లకు బోరు నీళ్లే పోస్తారు. ఆ నీటిలోని సున్నం రేడియేటర్ గొట్టాల లోపల పెంకులా కడుతుంది. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ పైభాగమంతా వేడెక్కి, ఒక మూల మాత్రం చల్లగా ఉంటే అక్కడ పూడిక ఉన్నట్టే.

రేడియేటర్ మూతను ఎవరూ పట్టించుకోరు, కాని బెంగళూరులో దాని పాత్ర మరింత పెద్దది. ఈ నగరం సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండటంతో ఇక్కడ మామూలు నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మూత తన మీద రాసి ఉన్న ఒత్తిడిని, అంటే సాధారణంగా 0.9 నుంచి 1.1 బార్ వరకు, నిలిపి ఉంచితే 115 డిగ్రీలు దాటినా నీరు మరగదు. మూత రబ్బరు ఎండిపోయినా, స్ప్రింగు నీరసించినా ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ సైతం నీళ్లు కక్కుతుంది. కాబట్టి ముందుగా కొత్త మూత వేసి చూడటం చవకైన పరీక్ష. మూతను ఇంజిన్ పూర్తిగా చల్లారాకే తీయాలి. ఒత్తిడిలో ఉన్న నీరు మూత తెరిచిన క్షణంలో ఆవిరై పైకి చిమ్ముతుంది. ముఖం, చేతులు కాలిపోతాయి. తడిగుడ్డ కప్పి తీస్తే ఏమీ కాదనే నమ్మకం ప్రమాదకరం.

ఉదయం చల్లని ఇంజిన్‌తో చేసే పరీక్షలు

రాత్రంతా ఆగిన ఇంజిన్ ఇచ్చే సాక్ష్యం అన్నిటికన్నా నమ్మదగినది. నీళ్లు నిండుగా పోసి, మూత బిగించి, ఇంజిన్ స్టార్ట్ చేసి, పై హోస్‌ను చేత్తో నొక్కి చూడాలి. నీళ్లు వేడెక్కితే వ్యాకోచించి ఒత్తిడి పెరగడం సహజం. కాని హోస్ ఇంకా చల్లగా ఉండగానే ఒకటి రెండు నిమిషాల్లో గట్టిపడితే, ఆ ఒత్తిడి సిలిండర్ నుంచే వస్తోందని చెప్పవచ్చు. ఇంజిన్ ఆపి, మూత తీసి, నీళ్లు అంచు దాకా నింపి మళ్లీ స్టార్ట్ చేస్తే, లోపల చిక్కిన గాలి తాలూకు బుడగలు కాసేపటికి ఆగిపోతాయి. మంట నుంచి వచ్చే బుడగలు ఆగవు, యాక్సిలరేటర్ తొక్కితే ఎక్కువవుతాయి.

ఇక్కడే మా తమ్ముడి బండి విషయంలో పొరపాటు జరిగింది. ఈజీఆర్ కూలర్‌లో ఒకవైపు ఎగ్జాస్ట్ గ్యాస్, మరోవైపు ఇంజిన్ నీళ్లు పారుతుంటాయి కనుక, దానికి చిల్లు పడినా నీళ్లు మాయమవుతాయి, తెల్లపొగ వస్తుంది, కొన్నిసార్లు బుడగలూ వస్తాయి. గ్యాస్కెట్ లక్షణాలకూ వీటికీ బయటి నుంచి తేడా కనబడదు. కూలర్‌ను విప్పి, ఒక కొసను మూసి, నీటిలో ముంచి, రెండో కొస నుంచి గాలి ఎక్కిస్తే అరగంటలో సంగతి తేలిపోతుంది. హెడ్ దించడానికి పట్టే సమయంతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు.

తెల్లపొగ విషయంలో కొంత ఓర్పు కావాలి. డిసెంబరు ఉదయాల్లో ఏ బండి సైలెన్సర్ నుంచైనా ఆవిరి వస్తుంది, ఇంజిన్ వేడెక్కాక ఆగిపోతుంది. వేడెక్కిన తరువాత కూడా ఆగకుండా, తీపి వాసనతో వస్తుంటే అది మండుతున్న కూలెంట్ (రేడియేటర్ నీటిలో కలిపే ద్రవం). డీజిల్ వాసనతో కళ్లు మండించే తెల్లపొగ అయితే ఇంజెక్టర్‌నో (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) గ్లో ప్లగ్‌నో (చల్లని ఇంజిన్ స్టార్ట్ కావడానికి సిలిండర్‌ను వేడిచేసే భాగం) అనుమానించాలి. కామన్ రైల్ ఇంజిన్‌లో (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందే రకం) ఏ ఇంజెక్టర్ తప్పుచేస్తోందో తెలుసుకోవడానికి ఇంజిన్ నడుస్తుండగా పైపు వదులు చేసే పాత పద్ధతి ఎట్టి పరిస్థితుల్లోనూ పనికిరాదు. అక్కడ ఒత్తిడి 1000 బార్ దాటుతుంది. ఆ డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది.

ఉదయం స్టార్టర్ తిప్పగానే ఇంజిన్ ఠక్కున ఆగిపోతే రెండోసారి తిప్పకూడదు. రాత్రి సిలిండర్‌లో చేరిన నీరు కుదించుకోదు. బలవంతం చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. గ్లో ప్లగ్గులు విప్పి, క్రాంక్ పుల్లీని పానాతో చేత్తో తిప్పి నీటిని బయటికి పంపాలి. ఏ రంధ్రం నుంచి నీరు వచ్చిందో గుర్తుపెట్టుకోవాలి.

ఆయిల్ చెప్పే కబురు

ఆయిల్ పోసే మూత కింద కాస్త మీగడలాంటిది కనబడగానే కంగారు పడనక్కరలేదు. దగ్గరి దూరాలే తిరిగే బండిలో వానాకాలంలో తేమ అక్కడ పేరుకుంటుంది. డిప్‌స్టిక్ మీది ఆయిల్ కూడా పాల టీలా ఉండి, దాని మట్టం పెరిగి ఉంటే అది నిజమైన ప్రమాదం. ఆ బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు, బేరింగులు పోతాయి. అందుకు భిన్నంగా, ఆయిల్ శుభ్రంగా ఉండి రేడియేటర్ నీళ్లలో ఆయిల్ తేలుతుంటే ఆయిల్ కూలర్‌ను ముందు చూడాలి. ఇంజిన్ నడిచేటప్పుడు నీటి ఒత్తిడి కన్నా ఆయిల్ ఒత్తిడి ఎక్కువ కాబట్టి, కూలర్ చిల్లు పడితే ఆయిలే నీటిలోకి పోతుంది.

తుది నిర్ధారణ

చేతిపంపుతో రేడియేటర్‌కు మూత మీద రాసినంత ఒత్తిడి ఎక్కించి పావుగంట చూడాలి. ముల్లు దిగుతూ బయట తడి కనబడకపోతే నీరు లోపలికే పోతోంది. నీలిరంగు ద్రవం గుండా రేడియేటర్ గాలిని లాగే రసాయన పరీక్షలో, ఆ ద్రవం ఆకుపచ్చకో పసుపుకో తిరిగితే దహన వాయువు ఉన్నట్టే. అయితే ఐడిల్‌లో డీజిల్ పొగలో కార్బన్ డయాక్సైడ్ తక్కువ కనుక, రంగు మారనంత మాత్రాన గ్యాస్కెట్ బాగుందని చెప్పరాదు. నాకు ఎక్కువ నమ్మకం కంప్రెషన్ పరీక్ష మీదే, అంటే ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందో కొలవడం మీదే. మంచి డీజిల్ ఇంజిన్‌లో సిలిండర్‌కు 25 నుంచి 30 బార్ వరకు ఉంటుంది. పక్కపక్కన ఉన్న రెండింటిలో మాత్రమే బాగా తగ్గితే వాటి నడుమ గ్యాస్కెట్ తెగిందని దాదాపు రూఢి. పిస్టన్‌ను పైకి తెచ్చి, రెండు వాల్వులూ మూసి ఉండగా సిలిండర్‌లోకి గాలి ఎక్కించినప్పుడు రేడియేటర్‌లో బుడగలు లేస్తే గ్యాస్కెట్ పోయి ఉండాలి, లేదా హెడ్ పగిలి ఉండాలి.

హెడ్ దించక తప్పనప్పుడు

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, బోల్టులను బయటి నుంచి లోపలికి, కొంచెం కొంచెంగా వదులు చేయాలి. వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్ వంగుతుంది. తరువాత వంపు లేని తిన్నని పట్టీని హెడ్ ముఖం మీద నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు పెట్టి ఫీలర్ గేజితో (సందును కొలిచే పలుచని రేకులు) సందు కొలవాలి. హద్దు ఎంతో ఆ ఇంజిన్ మాన్యువల్ చెబుతుంది, మామూలుగా అది మిల్లీమీటరులో పదో వంతుకు మించదు. ఫేసింగ్ (హెడ్ ముఖాన్ని మెషీన్ మీద చదును చేయడం) చేయించే ముందే, పగుళ్లు ఉన్నాయేమో తెలిసేలా ప్రెషర్ టెస్ట్ చేయించాలి. వాల్వుల నడుమ పగిలిన హెడ్‌కు ఫేసింగ్ చేయించడం డబ్బు వృథా.

గ్యాస్కెట్ కొనడానికి బెంగళూరులో విడిభాగాల దుకాణాలుండే జేసీ రోడ్డుకు వెళ్లేటప్పుడు ఇంజిన్ నంబరుతోపాటు పాత గ్యాస్కెట్‌ను కూడా వెంట తీసుకెళ్లాలి. డీజిల్ గ్యాస్కెట్లు చాలావాటికి అంచున ఉండే గాట్లో చిల్లులో వాటి మందాన్ని సూచిస్తాయి. పిస్టన్ బ్లాకు పైకి ఎంత పొడుచుకు వస్తుందో కొలిచి ఆ మందాన్ని ఎంచుకోవాలి. పలుచనిది వేస్తే పిస్టన్ హెడ్‌కు తగలవచ్చు. బ్లాకు ముఖాన్ని గ్రైండర్ బిళ్లతో రుద్దకూడదు; గుంటలు పడతాయి, ఆ పొడి బేరింగుల్లోకి పోతుంది. బోల్టు రంధ్రాల్లో ఆయిల్ గాని నీరు గాని మిగిలితే, బిగించేటప్పుడు ఆ ఒత్తిడికి బ్లాకు పగిలే అవకాశం ఉంది. సాగే రకం బోల్టులను తప్పకుండా కొత్తవి వేసి, నడుమ నుంచి బయటికి, మాన్యువల్ చెప్పిన టార్కుతోనూ (బిగింపు బలం) కోణంతోనూ బిగించాలి. గ్యాస్కెట్ మీద ఇష్టం వచ్చినట్టు సిలికాన్ పూయడం, రేడియేటర్‌లో లీకు మందు పోయడం, రెండూ చేయరాదు. లీకు మందు రేడియేటర్, హీటర్ సన్న గొట్టాలనే ముందు మూసేస్తుంది.

గ్యాస్కెట్ ఊరికే పోదు. పూడిన రేడియేటర్‌నో, మొరాయించే థర్మోస్టాట్‌నో అలాగే వదిలేసి కొత్తది వేస్తే అదీ ఆ దారినే పోతుంది. కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి నింపి, గాలి పూర్తిగా తీసి, ఆయిల్‌లో నీరు కలిసిన బండికి కొద్దిసేపు నడిపాక ఆయిల్, ఫిల్టరు మళ్లీ మార్చాలి. మొదటి రెండు వారాలు రోజూ ఉదయం బండి తీసే ముందు నీటి మట్టం చూసి, ట్యాంకు మీద గీత గీసుకుంటే, వేలెడు తగ్గినా ఆ రోజే తెలుస్తుంది.