గింజల్లో ఫీనాలిక్స్ లెక్క కుదరడం లేదా? ముందు పిండి దగ్గర వెతకండి

ఇరవై రకాల గింజలు పిండి పట్టి, రసం తీసి, ఫీనాలిక్స్ అనే మొక్కల రసాయనాలు, వాటిలోనే ఆంథోసయనిన్లు (ఎరుపు, ఊదా, నలుపు రంగులనిచ్చేవి), ఐసోఫ్లేవోన్లు (సోయాలో ఎక్కువగా ఉండేవి) కొలుస్తాం. తీరా షీటు చూస్తే అంకెలు ఒకదానితో ఒకటి పొసగవు. అప్పుడు టెన్షన్‌లో అందరి చెయ్యీ ముందు మెషీన్ మీదికే పోతుంది. నేను చూసినంతలో తప్పు చాలాసార్లు మెషీన్ దాకా రాకముందే, మిక్సీ జార్‌లోనో తూకం దగ్గరో జరిగిపోయి ఉంటుంది. అందుకే గింజ దగ్గరే మొదలుపెడదాం.

సమస్య: ఒకే రకం, మూడు ట్యూబులు, మూడు అంకెలు

నల్ల సోయా గింజల్ని మిక్సీలో తిప్పి మూత తీసి చూడండి. పసుపు పిండి అడుగుకు దిగి ఉంటుంది. నల్లటి పొట్టు తునకలేమో మూతకు, జార్ గోడలకు అంటుకుని, మిగిలినవి పిండి మీద పొరలా పరుచుకుని ఉంటాయి. ఆ గింజలో ఆంథోసయనిన్లు ఉండేది ఆ పొట్టులోనే. స్పూన్‌తో పైన తీస్తే ఒక అంకె, అడుగున తీస్తే ఇంకో అంకె వస్తుంది.

పరిష్కారం: మూతకు అంటినదంతా బ్రష్‌తో రాల్చి, పిండి మొత్తాన్ని 0.5 మిల్లీమీటర్ల జల్లెడ పట్టండి. పైన మిగిలిన తునకల్ని దయచేసి పారేయకండి, మనం కొలవాల్సిన సరుకు అందులోనే ఎక్కువ. అవి కూడా జల్లెడ దిగేదాకా మళ్లీ మళ్లీ తిప్పండి. తర్వాత అంతా బాగా కలిపి తూచండి. మిక్సీని ఏకబిగిన తిప్పకుండా కొన్ని సెకన్లకోసారి ఆపితే పిండి వేడెక్కదు.

సమస్య: ఎప్పుడూ చిన్న గింజల రకమే ముందుంటోంది

ఇది కొలతలో తప్పు కాదు, అర్థం చేసుకోవడంలో తప్పు. చిక్కుడు జాతి గింజల్లో, ముఖ్యంగా రంగు పొట్టు ఉన్నవాటిలో, ఫీనాలిక్స్ ఎక్కువ భాగం పొట్టులో ఉంటాయి. గింజ చిన్నదయ్యేకొద్దీ మొత్తం బరువులో పొట్టు వాటా పెరుగుతుంది. పొట్టులో గ్రాముకు ఉన్నది రెండు రకాల్లోనూ సమానమే అయినా, చిన్న గింజ రకం గొప్పగా కనిపిస్తుంది.

పరిష్కారం: ప్రతి రకానికీ 100 గింజల బరువు రాసుకోండి. కొన్ని గింజల్ని నానబెట్టకుండా, పొడిగానే పొట్టు తీసి, పొట్టు ఎంత శాతమో చూడండి. నానబెడితే నీళ్లలో కరిగేవి కొంత పోతాయి. పొట్టునూ బద్దనూ విడివిడిగా కొలిస్తే, తేడా గింజ పరిమాణం వల్ల వచ్చిందా, నిజంగా ఆ రకానిదేనా అన్నది తేలిపోతుంది. కొత్త రకాల కోసం ఎంపిక చేసేవాళ్లకు ఈ ఒక్క పట్టిక మిగతా అన్నిటికన్నా ఎక్కువ పనికొస్తుందని నా గట్టి నమ్మకం.

సమస్య: మొక్కజొన్న, గోధుమల్లో అంకె మరీ తక్కువ

మెథనాల్‌తో లాగితే వచ్చేది విడిగా ఉన్న భాగమే. ఈ ధాన్యాల్లో ఫెరులిక్ ఆమ్లం చాలావరకు కణగోడలకు అతుక్కుని ఉంటుంది, మెథనాల్‌కు ఊడి రాదు. మిగిలిన పిప్పిని పారేస్తే అసలైనది పోయినట్టే. ఆ పిప్పికి 2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ కలిపి, నైట్రోజన్ నింపి, కొన్ని గంటలు ఉంచండి. తర్వాత ఆమ్లం కలిపి పీహెచ్ 2 దగ్గరికి తెచ్చి, ఇథైల్ అసిటేట్‌తో తీయండి. విడిగా ఉన్నదీ అతుక్కున్నదీ వేర్వేరు గడుల్లో రాయండి.

సమస్య: పప్పుధాన్యాల్లో ఫోలిన్ అంకె నమ్మలేనంత ఎక్కువ

మొత్తం ఫీనాలిక్స్ కొలవడానికి వాడే ఫోలిన్ రీఏజెంట్ అవి తగిలితే నీలంగా మారుతుంది, ఆ రంగు ఎంతో అదే మన అంకె. కానీ ఫోలిన్, సియోకాల్టూ 1927లో ఈ రీఏజెంట్‌ను వాడింది ప్రోటీన్లలోని టైరోసిన్, ట్రిప్టోఫాన్ కొలవడానికి. దాన్ని వైన్‌లో ఫీనాలిక్స్ కొలతకు అనువుగా మార్చింది 1965లో సింగిల్టన్, రోసీ. కాబట్టి ప్రోటీన్ బాగా ఉన్న గింజ రసానికి నీలం రంగు రావడంలో వింత లేదు. విటమిన్ సి, కొన్ని చక్కెరలు కూడా ఇదే పని చేస్తాయి.

పరిష్కారం: నీళ్లతో కాకుండా 70 శాతం అసిటోన్‌తోనో 80 శాతం మెథనాల్‌తోనో రసం తీయండి, ప్రోటీన్ తక్కువగా దిగుతుంది. రసంలో కొంత భాగాన్ని పీవీపీపీ (నీళ్లలో కరగని ఒక పాలిమర్) పొడితో కలిపి, సెంట్రిఫ్యూజ్ చేసి మళ్లీ కొలవండి. ఫీనాలిక్స్‌ను ఆ పొడి పట్టేసుకుంటుంది కనుక, ఇంకా మిగిలిన రంగులో ఎక్కువ భాగం ఇతర పదార్థాలది. ఫలితాన్ని గాలిక్ ఆమ్లానికి (పోలిక కోసం వాడే ఫీనాలిక్) సమానంగానే రాయండి, అది అసలు ఫీనాలిక్స్ బరువు కాదు.

రీఏజెంట్ పసుపు పోయి ఆకుపచ్చకు తిరిగితే ఆ సీసా పక్కన పెట్టేయండి. ట్యూబులో తెల్లటి మడ్డి వస్తే, రంగు రావడానికి కలిపే సోడియం కార్బొనేట్ ద్రావణిలో కరగక తేలిందన్నమాట. రసం తక్కువ, నీళ్లు ఎక్కువ వేసి చూడండి. నువ్వులు, అవిసెల్లో రసం మసకగా ఉంటే ముందు హెక్సేన్‌తో నూనె తీసేయండి.

సమస్య: సోయా ఐసోఫ్లేవోన్ల వాటాలు వారం వారం మారుతున్నాయి

సోయాలో ఐసోఫ్లేవోన్లు ఎక్కువగా చక్కెరతో అతుక్కుని (గ్లూకోసైడ్), చాలావరకు ఆ చక్కెరకు మలోనైల్ అనే ముక్క కూడా తగిలి ఉంటాయి. పదార్థాల్ని విడదీసి ఒక్కోదాన్నీ ఒక్కో శిఖరంగా చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో మలోనైల్ శిఖరం తగ్గుతూ, గ్లూకోసైడ్ శిఖరం పెరుగుతుంటే అది రకం గుణం కాదు. వేడికి మలోనైల్ రూపం విడిపోతోంది. గది ఉష్ణోగ్రతలోనే రసం తీసి, అదే రోజు నడపండి, లేదా ఫ్రీజర్‌లో పెట్టండి. అన్ని రూపాల్నీ చక్కెర లేని రూపంలోకి మార్చి కూడండి: 100 మిల్లీగ్రాముల మలోనైల్ జెనిస్టిన్‌లో జెనిస్టీన్ (దాని చక్కెర లేని రూపం) 52 మిల్లీగ్రాములే. ఈ మార్పిడి చేయకుండా నేరుగా కూడితే రెండు రకాల పోలికే తప్పిపోతుంది.

ఆవాల్లో గ్లూకోసినోలేట్లు (ఆవాల ఘాటుకు మూలమైన పదార్థాలు) దాదాపు సున్నా వస్తే కారణం మైరోసినేజ్ ఎంజైమ్. పిండికి చన్నీళ్లు తగలగానే అది వాటిని విడగొట్టడం మొదలుపెడుతుంది. పొడి పిండి మీద నేరుగా వేడి 70 శాతం మెథనాల్ పోయండి.

సమస్య: మంగళవారం చేసిన రకాలన్నీ ఎక్కువ, గురువారం చేసినవి తక్కువ

రకాల్ని వరుస నంబర్ల ప్రకారం చేస్తే ఆ రోజు తేడా కూడా రకం ఖాతాలో పడుతుంది. చీటీలు తీసి క్రమం కలిపేయండి. ఒకే పిండిని పెద్ద మొత్తంలో చేసి ఫ్రీజర్‌లో దాచి, ప్రతి బ్యాచ్‌లో ఒక ట్యూబు దానిది పెట్టండి. ఆ అంకె పక్కకు జరిగితే బ్యాచ్ మొత్తం మళ్లీ చేయాలి. తేమ కూడా ప్రతి రకానికీ విడిగా చూడండి: 8 శాతం తేమ ఉన్న పిండికీ 14 శాతం ఉన్నదానికీ పొడి బరువులో 7 శాతం తేడా ఉంటుంది. ఇక ఆ రకాలన్నీ ఒకే పొలంలో, ఒకే సీజన్‌లో పండినవేనా అన్నది గింజల సంచులు ఇచ్చినవాళ్లను అడగాలి. కాకపోతే ఆ విషయం పట్టిక పైనే రాయండి.