జబ్బు తగ్గాక విదేశీ విమానం ఎక్కాలంటే: కాగితాల జాగ్రత్తలు

రాత్రి ఒకటిన్నర. శంషాబాద్‌లో చెకిన్ కౌంటర్ ముందు మా అమ్మ దగ్గింది. రెండే రెండు దగ్గులు. మూడు వారాల కిందట న్యుమోనియాతో ఆరు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చిన మనిషి. మందుల కోర్సు అయిపోయింది, జ్వరం లేదు, మేడ మెట్లు ఎక్కి దిగుతోంది. అక్క పురుడుకి డాలస్ వెళ్లాలి. కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే అడిగింది: "ఆంటీ, ఈమధ్య ఏమైనా హాస్పిటల్లో ఉన్నారా?" అమ్మకి అబద్ధం చెప్పడం రాదు. "ఉన్నానమ్మా, తగ్గిపోయింది" అంది.

"డాక్టర్ లెటర్ ఉందా?"

ఉంది. ప్లాస్టిక్ కవర్లోంచి తీసి ఇచ్చాను. మందుల చీటీ మీద ఒక్క లైను: పేషెంటు ప్రయాణానికి ఫిట్. కింద ఒక సంతకం. ఏం జబ్బు చేసిందో లేదు, ఎప్పుడు తగ్గిందో లేదు, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు లేదు, విమానం అన్న మాటే లేదు. పైగా చీటీలో అమ్మ ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, పేరు చివర 'అమ్మ'. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పేరు చివర 'దేవి'. వయసు చీటీలో 62, పాస్‌పోర్టు లెక్కన 65. ఆ అమ్మాయి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తుంటే నాకు గుండె జారింది. ఈ చీటీ ఈవిడదే అని చెప్పే ఆధారం అందులో ఒక్కటీ లేదు.

విమానాశ్రయంలో డాక్టర్ వచ్చి వేలికి మీటర్ పెట్టి చూసి పర్వాలేదన్నారు. ఎయిర్‌లైన్ వైద్య విభాగానికి ఫోన్లు వెళ్లాయి. అయినా వాళ్లు ఒప్పుకోలేదు, విమానం వెళ్లిపోయింది. తెల్లవారుజామున అమ్మ ట్రాలీ పట్టుకుని "నా వల్లే కదరా, నేను దగ్గకుండా ఉండాల్సింది" అంటుంటే సమాధానం చెప్పలేకపోయాను. అయిదు రోజుల తర్వాత అదే ఎయిర్‌లైన్లో ఏ ఇబ్బందీ లేకుండా వెళ్లింది. ఈ మధ్యలో మేం మార్చుకున్నది కాగితాలే. అందుకే పురుళ్లకనీ, మనవల్ని చూడ్డానికనీ, ఆగస్టులో పిల్లల చదువులకనీ టికెట్లు తీసుకున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆ ఆగస్టే మనకు డెంగీ, టైఫాయిడ్ల కాలం కూడా.

వాళ్లెందుకు అంత పట్టుబడతారు

విమానం పైకి వెళ్లాక లోపలి గాలి ఒత్తిడి నేల మీద ఉన్నట్టు ఉండదు. ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. ఊటీ ఎత్తు ఏడు వేల అడుగుల పైమాటే. అంటే ఊపిరితిత్తులు ఇంకా పూర్తిగా కోలుకోని మనిషిని ఊటీ కొండ మీద ఒకే కుర్చీలో పధ్నాలుగు, పదహారు గంటలు కూర్చోబెట్టడం లాంటిది. గదిలో వేలి మీటర్ 95 శాతం చూపించిన ఆక్సిజన్ అక్కడ ఇంకా కిందికి దిగుతుంది. ఒంట్లో ఎక్కడైనా గాలి చిక్కుకుని ఉంటే అది మూడో వంతు దాకా ఉబ్బుతుంది. కడుపు ఆపరేషన్ల తర్వాత, ఊపిరితిత్తి కుంచించుకుపోయిన జబ్బు తర్వాత ఆగమనేది ఇందుకే.

అన్నిటికన్నా ఎక్కువగా నేను హెచ్చరించేది కంటి విషయం. షుగర్ వల్లో, రెటీనా ఊడటం వల్లో ఆపరేషన్ చేసి కంట్లో గ్యాస్ బుడగ పెడతారు. ఆ బుడగ ఉండగా విమానం ఎక్కితే కంటి ఒత్తిడి పెరిగి చూపే పోవచ్చు. గ్యాస్ రకాన్ని బట్టి రెండు వారాల నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఆగాలి. "చిన్న కంటి ఆపరేషనే కదా" అని ఊరుకోకండి. గ్యాస్ పూర్తిగా కరిగిపోయిందని కంటి డాక్టర్ చేత రాయించుకోండి. మామూలు శుక్లాల ఆపరేషన్‌కి ఇంత భయం లేదు.

మిగతావాటికి విమాన వైద్యులు సాధారణంగా పాటించే గడువులు ఇవి. ఏ చిక్కూ లేని స్టెంటుకు మూడు నుంచి అయిదు రోజులు. గుండెపోటుకు, బైపాస్‌కు, పెద్ద కడుపు ఆపరేషన్‌కు పది రోజులు. ల్యాప్రోస్కోపీకి నాలుగైదు రోజులు. కొత్తగా పిండికట్టు వేస్తే దూరప్రయాణానికి 48 గంటలు. ఆటలమ్మ పోస్తే ఆఖరి పొక్కు వచ్చాక వారం గడిచి అన్నీ పక్కు కట్టాలి. టీబీ అయితే కనీసం రెండు వారాలు సరైన మందులు వాడి, ఇతరులకు అంటదని తేలాలి. మందులకు లొంగని టీబీకి ఇది కూడా చాలదు, కల్చర్ పరీక్ష నెగటివ్ రావాలి. ఈ గడువులు దాటితే కాగితం అక్కర్లేదని కాదు. వీటికి ముందైతే ఎయిర్‌లైన్ అనుమతి తప్పనిసరి అని లెక్క. మా అమ్మని ఆపింది రోజుల లెక్క కాదు, దగ్గు, నమ్మకం కలిగించని చీటీ.

పేరు సరిచూసుకోవాల్సింది డిశ్చార్జికి ముందే

అర్ధరాత్రి ఎమర్జెన్సీలో చేర్చేటప్పుడు పేరెవరు చెబుతారు? కంగారులో ఉన్న కొడుకో, ఆటోలో తోడొచ్చిన పక్కింటాయనో. ఇంట్లో పిలిచే పేరు చెబుతారు, వయసు ఉజ్జాయింపుగా చెబుతారు. ఆ పేరే ఎక్స్‌రే మీద, రక్తపరీక్షల మీద, డిశ్చార్జి సమ్మరీ మీద అచ్చవుతుంది. ఇంటిపేరు ముందు రాసే మన పద్ధతితో ఇంకో చిక్కు కూడా ఉంది. ఆధార్‌లో పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, ఆసుపత్రిలో అసలే లేకుండా, ఒకే మనిషి ముగ్గురవుతారు.

ప్రయాణం ఉందని తెలిస్తే చేర్చిన మర్నాడే పాస్‌పోర్టు జిరాక్సు పట్టుకెళ్లి రిజిస్ట్రేషన్ కౌంటర్లో పేరు, పుట్టినతేదీ దిద్దించండి. డిశ్చార్జి అయ్యాక దిద్దించాలంటే రికార్డ్స్ సెక్షన్ చుట్టూ తిరగాలి. అప్పటికే అచ్చయిన రిపోర్టులు మారవు. అలా మారని స్థితిలో మాకు పనికొచ్చింది డాక్టర్ లెటర్లో ఒక వాక్యం: మా రికార్డుల్లో ఫలానా పేరుతో ఉన్న వ్యక్తి, ఫలానా నంబరు పాస్‌పోర్టు గల వ్యక్తి ఒకరే అని.

రికార్డులు అడగడానికి మొహమాటపడకండి, అది మన హక్కు. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు దాచాలి. చీటీల మీద, సర్టిఫికెట్ల మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఇన్సూరెన్సు డబ్బు తర్వాత తిరిగి రాబట్టుకునే పద్ధతైతే ఒరిజినల్ సమ్మరీ క్లెయిముకి పోతుంది. దాన్ని ఇచ్చేముందే ఆసుపత్రి ముద్ర వేసిన ఇంకో కాపీ తీసుకోండి. మేం ఇక్కడ కూడా జారాం. అమ్మ ఒరిజినల్ క్లెయిము ఆఫీసులో ఉంది, మా చేతిలో ఫోన్‌తో తీసిన ఫొటో ఉంది.

లెటర్లో ఏముండాలి

వీధి చివర క్లినిక్‌లో కాకుండా, జబ్బుకి వైద్యం చేసిన స్పెషలిస్టు దగ్గరే రాయించుకోవాలి. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద, ఇంగ్లిష్‌లో, టైపు చేసి. పాస్‌పోర్టులో ఉన్నట్టు పేరు, పుట్టినతేదీ, పాస్‌పోర్టు నంబరు. జబ్బు పేరు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, మందులు ముగిసిన తేదీ. ఇప్పటి పరిస్థితి అంకెల్లో: ఆక్సిజన్ పెట్టకుండా ఎంత శాతం ఉంది, జ్వరం ఎప్పటి నుంచి లేదు, తాజా ఎక్స్‌రే ఏ తేదీన తీశారు, ఏం చూపించింది. ఇతరులకు అంటే జబ్బు కాదన్న మాట. ఆ తర్వాత అసలు వాక్యం: ఫలానా తేదీన, ఫలానా ఊళ్ల మీదుగా, మొత్తం ఇన్ని గంటల విమాన ప్రయాణానికి తగిన స్థితిలో ఉన్నారు, దారిలో ఆక్సిజన్ అవసరం లేదు. చివర సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు, ఎయిర్‌లైన్ వాళ్లు ఫోన్ చేస్తే ఎత్తే నంబరు.

ఓపీలో నలభై మంది కూర్చుని ఉండగా డాక్టర్ గారు ఇదంతా రాసివ్వలేరు. నేను రెండోసారి వెళ్లినప్పుడు ముందే టైపు చేయించి, ఖాళీలు వదిలి పట్టుకెళ్లాను. "డాక్టర్ గారూ, ఇందులో మీకు సరి కానిది ఉంటే కొట్టేయండి" అన్నాను. ఆయన అమ్మని వరండాలో ఆరు నిమిషాలు నడిపించి, వేలి మీటర్ చూసి, 96 అని తన చేత్తో నింపారు. 'పూర్తిగా కోలుకున్నారు' అని నేను రాసిన చోట కొట్టేసి 'లక్షణాలు తగ్గాయి, పొడి దగ్గు కొద్దిగా ఉంది, ఇన్‌ఫెక్షన్ లేదు' అని రాశారు. ఆ దిద్దుబాటే అమ్మని కాపాడిందని నా నమ్మకం. ఎందుకంటే రెండోసారి కూడా అమ్మ కౌంటర్ దగ్గర దగ్గింది, లెటర్లో అదే ఉంది. డబ్బిస్తే మనిషిని చూడకుండా రాసిచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ల జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. సముద్రం మీద ఆయాసం వస్తే ఆ కాగితం ఊపిరి పోయదు.

మరీ ముందుగా రాయించినా చెల్లదు. అమెరికా రవాణా నిబంధనల ప్రకారం ఎయిర్‌లైన్ వైద్య సర్టిఫికెట్ అడిగిన సందర్భాల్లో, మొదటి విమానానికి పది రోజుల లోపు తేదీతో ఉన్నదే చెల్లుతుంది. మిగతా దారుల్లో కూడా వారం, పది రోజుల లోపు కాగితం చేతిలో ఉంటే నిశ్చింత.

కోవిడ్ రోజుల సలహాలు ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. 2021 జనవరి 26 నుంచి 2022 జూన్ 12 దాకా అమెరికా వెళ్లాలంటే నెగటివ్ రిపోర్టు కావాలి. లేదా 90 రోజుల లోపు వచ్చిన పాజిటివ్ రిపోర్టు, దానితో పాటు కోలుకున్నారని డాక్టర్ లెటర్ చూపాలి. ఆ నిబంధన ఎత్తేశారు. మన దేశానికి వచ్చేవాళ్లు నింపే ఎయిర్ సువిధ ఫారం కూడా 2022 నవంబరులో పోయింది. అప్పట్లో కూడా రిపోర్టు మీద పేరు, పుట్టినతేదీ పాస్‌పోర్టుతో కలవకపోతే అది పనికొచ్చేది కాదు.

మెడిఫ్ ఫారం

చాలా ఎయిర్‌లైన్లు వాడే వైద్య సమాచార ఫారాన్ని మెడిఫ్ అంటారు. ఒక భాగం ప్రయాణికుడు, ఇంకో భాగం డాక్టర్ నింపాలి. ఈమధ్యే ఆసుపత్రిలో ఉన్నా, ఆపరేషన్ అయినా, దారిలో ఆక్సిజన్ కావాల్సినా, అంటువ్యాధి అనుమానం ఉన్నా ఇది అడుగుతారు. ఎయిర్‌లైన్ సైట్ నుంచి దించుకుని, నింపించి, ఈమెయిల్ చేయాలి. 48 నుంచి 72 గంటల ముందు చాలని రాసి ఉంటుంది కానీ వారం ముందే పంపండి. వాళ్లు తిరిగి ప్రశ్నలు అడుగుతారు, మన డాక్టర్ ఆ రోజు ఊళ్లో ఉండకపోవచ్చు. ఒప్పుకున్నట్టు వచ్చిన జవాబుని ప్రింటు తీసుకోండి. మధ్యలో వేరే కంపెనీ విమానం మారాల్సి ఉంటే వాళ్ల అనుమతి కూడా విడిగా తీసుకోవాలి. హైదరాబాద్ నుంచి అమెరికాకి నేరుగా విమానం లేదు కాబట్టి ఈ విషయం మనకే ఎక్కువ వర్తిస్తుంది.

మోకాళ్ల నొప్పికి వీల్‌చెయిర్ అడగడానికి మాత్రం ఈ ఫారం అక్కర్లేదు. ఆక్సిజన్ మిషన్ తీసుకెళ్లేవాళ్లు ప్రయాణ సమయానికి ఒకటిన్నర రెట్లు సరిపడా బ్యాటరీలు పెట్టుకోవాలి. ఇంట్లో వాడే సిలిండర్‌ని ఎక్కించనివ్వరు.

మందుల సంచి

నరాల మంటకి మన డాక్టర్లు విరివిగా రాసే ప్రీగాబలిన్, నొప్పికి ఇచ్చే ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు సిరప్ యూఏఈలో నియంత్రణలో ఉన్న మందులు. సెలవు మీద ఇంటికొచ్చి, జబ్బు చేసి, తిరిగి దుబాయ్ వెళ్లే కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ అన్నలు, తమ్ముళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్లో ముందే అనుమతి తీసుకోవచ్చు. లేదంటే వేరే మందు రాయమని ఇక్కడి డాక్టర్‌నే అడగండి. ఎవరో "మా వాడికి ఇవ్వన్నా" అని పచ్చళ్ల పార్శిల్‌తో ఇచ్చిన మాత్రలు ఎట్టి పరిస్థితుల్లోనూ పట్టుకెళ్లకండి.

అమెరికాకి అయితే అట్టలు చింపకుండా, ప్రిస్క్రిప్షన్‌తో, 90 రోజులకి మించకుండా. ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి. కింద సామాన్ల అరలో అది గడ్డకట్టి పాడవ్వొచ్చు, ఆ పెట్టే రాకపోవచ్చు కూడా. మెడలో వేసే చిన్న పర్సులో ఒక కార్డు పెట్టండి: జబ్బు, మందులు, పిల్లల ఫోన్ నంబర్లు, ఇంగ్లిష్‌లో. దారిలో దిగిన ఊళ్లో ఎవరైనా ప్రశ్న అడిగితే మా అమ్మ ఆ కార్డు చూపించింది. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు పాత జబ్బు దాచకండి. దాచిన విషయం క్లెయిమప్పుడు బయటపడుతుంది.

తిరుగు ప్రయాణం గురించి ఇక్కడే ఆలోచించుకోవాలి. ఆరు నెలల కిందటి లెటర్ అప్పటికి పాతబడిపోతుంది. అక్కడ ఉండగా కొత్తగా ఏ జబ్బూ చేయకపోతే మామూలుగా ఏదీ అక్కర్లేదు. చేస్తే మాత్రం అక్కడి డాక్టర్ చేత ఇదే పద్ధతిలో రాయించుకోవాలి. మా అమ్మకి ఏమీ కాలేదు. తిరిగొచ్చేటప్పుడు ఎవరూ ఏమీ అడగలేదట. అయినా ఆ ఎక్స్‌రే రిపోర్టు, లెటరు చేతిసంచిలోనే పెట్టుకుని వచ్చింది.