అమెరికా వచ్చిన కొత్తలో ఇంగ్లిష్ నేర్చుకుంటూనే నలుగురికీ పనికొచ్చేదెలా?

అమెరికా వెళ్లే తెలుగు పిల్లలంటే అందరికీ ఎమ్మెస్‌కి వెళ్లేవాళ్లే గుర్తొస్తారు. టోఫెల్, జీఆర్ఈ రాసి వెళ్తారు కాబట్టి వాళ్లకి ఇంగ్లిష్ ఎంతో కొంత వచ్చే ఉంటుంది. వాళ్లు కాక ఇంకో రకం ఉన్నారు. ఎప్పుడో మేనమామో పెదనాన్నో వేసిన పిటిషన్ పదేళ్లు దాటాక క్లియరయి, గ్రీన్‌కార్డు మీద అమ్మానాన్నలతో కలిసి దిగేవాళ్లు. నాన్న ముందే వచ్చి ఉద్యోగం చేస్తుంటే కుటుంబానికిచ్చే హెచ్-4 వీసా మీద వెనకాల వచ్చేవాళ్లు. తెలుగు మీడియంలో పదో తరగతో ఇంటరో అయ్యుంటుంది, వయసు పదహారు నుంచి ఇరవై. ఈ వ్యాసం వాళ్లకోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం.

ఇంగ్లిష్ బాగా వచ్చాక, ఒక ఉద్యోగం చూసుకున్నాక, అప్పుడు ఎవరికైనా సాయం చేద్దాంలే అనుకుంటారు చాలామంది. నన్నడిగితే ఆ వరస తిరగేయాలి. మాటలు త్వరగా వచ్చేది సాయం చేసే చోటే. అక్కడ మీ గ్రామర్ ఎవరికీ పట్టదు, పని అయిందా లేదా అన్నదే చూస్తారు.

1. స్కూల్ ఫారమ్‌లో నిజం రాయండి

ప్రభుత్వ స్కూల్లో చేర్పించేటప్పుడు హోమ్ లాంగ్వేజ్ సర్వే అని ఒక కాగితం ఇస్తారు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, పిల్లలకి మొదట వచ్చిన భాష ఏది అని అందులో అడుగుతారు. మనవాళ్లు చాలామంది 'ఇంగ్లిష్' అని రాసేస్తారు. తెలుగు అని రాస్తే పిల్లాణ్ణి తక్కువ క్లాసులో వేస్తారేమోనని టెన్షన్. ఇంగ్లిష్ అని రాస్తే పోయేది మీకు రావాల్సిన సాయమే. తెలుగు అని రాస్తే చిన్న పరీక్ష పెట్టి, అవసరమైతే ఈఎస్ఎల్ (వేరే భాష పిల్లలకి ఇంగ్లిష్ నేర్పే) క్లాసు ఇస్తారు, దానికి ఫీజేమీ ఉండదు. ఇంగ్లిష్ రాని పిల్లల్ని పట్టించుకోకుండా వదిలేయడం కుదరదని అమెరికా సుప్రీంకోర్టు 1974లోనే లావ్ వర్సెస్ నికోల్స్ కేసులో చెప్పింది. అంటే ఇది స్కూలువాళ్లు దయతలచి ఇచ్చేది కాదు, అడిగి తీసుకోవాల్సిన హక్కు.

ఈఎస్ఎల్‌లో ఉన్నవాళ్లకి ఏటా ఒక పరీక్ష ఉంటుంది. న్యూజెర్సీ, ఇల్లినాయ్ లాంటి చాలా రాష్ట్రాల్లో విడా అనే సంస్థ వాళ్ల యాక్సెస్ పరీక్ష, టెక్సస్‌లో టెల్పాస్, కాలిఫోర్నియాలో ఎల్పాక్. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం నాలుగింటికీ విడివిడిగా మార్కులొస్తాయి. రిజల్ట్ కాగితం చూసి పక్కన పడేయకండి. మనవాళ్లకి తరచుగా చదవడంలో మంచి మార్కులొచ్చి మాట్లాడడంలో తగ్గుతాయి. మనం ఇంగ్లిష్‌ని నేర్చుకున్నదే పుస్తకంలోంచి కదా. ఏది తక్కువుంటే సెలవుల్లో దాని సంగతి చూడాలి.

2. స్కూల్ వయసు దాటిపోతే

చాలా రాష్ట్రాల్లో ఇరవై, ఇరవై ఒక్క ఏళ్ల వరకు హైస్కూల్లో చేర్చుకుంటారు. మన ఊళ్లో ఇంటర్ అయిపోయింది కదా అని పద్దెనిమిదేళ్ల పిల్లని నేరుగా పనిలో పెట్టే ముందు ఆ జిల్లా స్కూల్ ఆఫీసులో ఒక మాట కనుక్కోండి. అది కుదరకపోతే అడల్ట్ ఎడ్యుకేషన్ క్లాసులున్నాయి. పదహారు దాటి, హైస్కూల్లో లేనివాళ్ల కోసం ప్రభుత్వ డబ్బుతో నడిచేవి. కమ్యూనిటీ కాలేజీల్లోనో స్కూల్ బిల్డింగుల్లోనో సాయంత్రం పూట ఉంటాయి. ఫీజు ఉండదు, ఉన్నా కొద్దిగా ఉంటుంది. గ్రీన్‌కార్డు వాళ్లు వెళ్లొచ్చు, హెచ్-4 వాళ్లు ముందు అక్కడ ఒక మాట కనుక్కోండి. ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం ఈ ప్రభుత్వ అడల్ట్ క్లాసులకి వెళ్లకూడదు, చట్టం ఒప్పుకోదు.

క్లాసు లేని రోజుల్లో ఇంట్లో చేసుకోవడానికి యూఎస్ఏ లెర్న్స్ అనే వెబ్‌సైట్ ఉంది, ఉచితం. కాలిఫోర్నియాలోని శాక్రమెంటో కౌంటీ విద్యాశాఖ ఆఫీసు నడుపుతుంది.

3. లైబ్రరీకి వెళ్లి కూర్చోండి

మన ఊళ్లో గ్రంథాలయం అంటే పేపర్ చదివే చోటు. అమెరికాలో పబ్లిక్ లైబ్రరీ సగం కమ్యూనిటీ హాలు. చాలా లైబ్రరీల్లో వారానికోసారి కన్వర్సేషన్ సర్కిల్ ఉంటుంది. ఆరేడుగురు టేబుల్ చుట్టూ కూర్చుంటారు, మధ్యలో ఒక వాలంటీర్. ఎక్కువగా రిటైరైన టీచర్లో ఆఫీసర్లో అయ్యుంటారు. 'ఈ వారం ఏం వండుకున్నారు?' లాంటి ప్రశ్నతో మొదలుపెడతారు. పక్కన కూర్చున్నది బ్రెజిల్ ఆవిడ కావచ్చు, ఉక్రెయిన్ తాతగారు కావచ్చు. వాళ్ల ఇంగ్లిషూ మనలాగే తడబడుతుంటుంది, అందుకే నోరు తెరవడానికి సిగ్గేయదు.

మొదటి రోజు ఎవరూ పెద్దగా మాట్లాడలేరు, అదేం ఫర్వాలేదు. ఒక్క మాట నేర్చుకుని వెళ్లండి: 'కుడ్ యూ సే దట్ అగైన్, ఎ లిటిల్ స్లోవర్?' అర్థం కాకపోయినా తల ఊపేయడం మనకి బాగా అలవాటు. ఎదుటివాళ్లని ఇబ్బంది పెట్టకూడదన్న మర్యాదతోనే ఊపుతాం గానీ, ఇక్కడ తల ఊపితే అర్థమైందనే అనుకుని ముందుకు వెళ్లిపోతారు.

లైబ్రరీ కార్డు ఉంటే లిబ్బీ యాప్‌లో ఆడియో పుస్తకాలు ఉచితంగా వినొచ్చు. అదే పుస్తకాన్ని చేతిలో పట్టుకుని, కళ్లతో చదువుతూ చెవులతో వింటే ఉచ్చారణ దానంతటదే కుదురుతుంది. పిల్లల పుస్తకాలతో మొదలుపెట్టడానికి మొహమాటపడకండి.

4. ఫోన్ భయం పోగొట్టుకోండి

ఎదురుగా మాట్లాడేటప్పుడు చేతులు, ముఖం సాయం చేస్తాయి. ఫోన్‌లో అవేవీ ఉండవు. కాబట్టి కావాలనే ఫోన్లు చేయండి. లైబ్రరీ ఎన్నింటికి మూస్తారో, మందుల షాపులో మీ మందులు తయారయ్యాయో లేదో అడగండి. ముందే కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుని చూస్తూ మాట్లాడినా తప్పులేదు.

మన పేర్లు చెప్పడం ఒక పెద్ద పని. ఇంటిపేరు ఎటు, అసలు పేరు ఎటు అన్న గందరగోళం పాస్‌పోర్ట్ దగ్గరే మొదలవుతుంది. దాని మీదకు స్పెల్లింగ్. బీ, డీ, పీ, టీ, వీ అన్నీ ఫోన్‌లో ఒకేలా వినపడతాయి. అందుకే 'వీ యాజ్ ఇన్ విక్టర్, డీ యాజ్ ఇన్ డేవిడ్' అని చెప్పడం అలవాటు చేసుకోండి. మీ పూర్తి పేరునీ అడ్రెస్‌నీ ఇలా గడగడా చెప్పగలిగితే సగం ఫోన్లు గట్టెక్కినట్టే. మాటల చివర ఉకారం తగిలించే మన అలవాటు (బుక్కు, బస్సు, కారు) గురించి మాత్రం అతిగా బెంగపడొద్దు. దానివల్ల పనులు ఆగిపోవు. ఏ అక్షరం మీద నొక్కి పలకాలో తప్పితేనే అవతలివాళ్లకి అర్థం కాదు. ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి, మీకే తెలుస్తుంది.

5. ఫుడ్ బ్యాంక్‌తో మొదలుపెట్టండి

క్లాసులో కుదురుకోగానే, రెండో నెలో మూడో నెలో, వాలంటీర్‌గా పేరు ఇవ్వండి. గుడిలో వంటకీ వడ్డనకీ సాయం చేయడం మంచిదే, మన జనం పరిచయమవుతారు. కానీ అక్కడంతా తెలుగే కాబట్టి ఇంగ్లిష్ రాదు. లేనివాళ్లకి ఉచితంగా తిండి సరుకులు అందించే ఫుడ్ బ్యాంక్ అలా కాదు. జనం ఇచ్చిన తిండి డబ్బాల్ని చూసి వేరుచేయడమే ఎక్కువ పని. డబ్బా మీద తేదీ చదవాలి. ఆ తేదీ అమెరికా పద్ధతిలో ఉంటుంది, నెల ముందు రోజు వెనక, కాబట్టి 03/04 అంటే మార్చి 4. డబ్బాకి సొట్ట ఎక్కడ పడిందో చూడాలి. పక్కన చిన్న సొట్టయితే ఫర్వాలేదు, అంచు దగ్గర పడినా డబ్బా ఉబ్బినా తీసేయాలి. సూపర్‌వైజర్ 'టాస్ ఇట్' అంటే చెత్తలోకి, 'సెట్ ఇట్ అసైడ్' అంటే పక్కకి. మాట చెవినపడగానే చేయి కదులుతుంది. అలా నేర్చుకున్న మాటలు బట్టీపట్టినవాటిలా జారిపోవు.

వయసు పద్దెనిమిది లోపైతే అమ్మానాన్నల సంతకం కావాలి, కనీస వయసు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఎన్ని గంటలు చేశారో అక్కడే రాయించుకోండి. కాలేజీ అప్లికేషన్‌కీ, మొదటి ఉద్యోగంలో రిఫరెన్స్‌కీ ఆ సూపర్‌వైజర్ పేరే అక్కరకొస్తుంది.

హెచ్-4 వాళ్లకి ఒక హెచ్చరిక. వర్క్ పర్మిట్ లేకుండా జీతం తీసుకోకూడదని అందరికీ తెలుసు. జీతం లేకపోయినా తెలిసినవాళ్ల షాపులో కౌంటర్ దగ్గర 'ఊరికే సాయం' అని నిలబడకూడదు. డబ్బిచ్చి చేయించుకునే పనిని మీరు ఊరికే చేస్తే అది వాలంటీరింగ్ కిందకి రాదు. సేవాసంస్థల్లో, వాలంటీర్లు మామూలుగా చేసే పనులే చేయండి.

6. మీ తెలుగుతో చేయగలిగినవి

ఇంగ్లిష్ మాత్రమే వచ్చినవాళ్లు చేయలేని పని ఒకటి మీ చేతిలో ఉంది. ప్రతి తెలుగు అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లోనూ మనవళ్లని చూసుకోవడానికి వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ ఉంటారు. పగలు కొడుకూ కోడలూ ఆఫీసులో ఉంటారు, ఇంట్లో వీళ్లూ పసిపిల్లా. వాళ్లకి పాఠం చెప్పడానికి మీకు గొప్ప ఇంగ్లిష్ అక్కర్లేదు.

911 కాగితంతో మొదలుపెట్టండి. అమెరికాలో ఆపదొస్తే చేసే ఫోన్ నంబర్ అది. ఆ నంబర్‌కి ఫోన్ చేస్తే అవతలివాళ్లు మొట్టమొదట అడిగేది అడ్రెస్. తాతగారి ఇంటి అడ్రెస్‌ని ఇంగ్లిష్‌లో ఎలా పలకాలో అలాగే తెలుగు అక్షరాల్లో పెద్దగా రాయండి, అపార్ట్‌మెంట్ నంబర్‌తో సహా. దాని కింద 'తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్' అని రాసి ఫ్రిజ్ మీద అంటించండి. తర్వాత మీరే 911 వాళ్లలా 'వాట్ ఈజ్ ద అడ్రెస్ ఆఫ్ యువర్ ఎమర్జెన్సీ?' అని అడుగుతూ ఆయనతో చెప్పించండి. ఉత్తుత్తి ఆటే, అసలు నంబర్ నొక్కొద్దు. బామ్మగారు మొదట నవ్వుతారు, రెండోసారి ఆవిడే ముందు చెప్పేస్తారు. తర్వాత మందు సీసా మీద లేబుల్, షాపులో సెల్ఫ్ చెకౌట్, బస్సు టికెట్, ఇలా ఒక్కోటీ నేర్పొచ్చు. నేర్పాలంటే ముందు మీరు సరిగ్గా పలకాలి, ఆ వంకతో మీకూ సాధన అవుతుంది.

శని, ఆదివారాల్లో ఖాళీ ఉంటే సిలికానాంధ్ర మనబడి లాంటి తెలుగు బడుల్లో చిన్నపిల్లల క్లాసుకి సాయం వెళ్లండి. 2007 నుంచి నడుస్తున్న బడి అది. అక్కడి పిల్లలకి తెలుగు తడబడుతుంది, మీకు ఇంగ్లిష్ తడబడుతుంది, ఇద్దరికీ గిట్టుబాటే. హైస్కూల్లో ఉన్నవాళ్లు సీల్ ఆఫ్ బైలిటరసీ గురించి కూడా స్కూల్లో సలహాలిచ్చే కౌన్సెలర్‌ని అడగండి. రెండు భాషలు బాగా వచ్చినవాళ్ల డిప్లొమా మీద వేసే ముద్ర అది, 2011లో కాలిఫోర్నియా చట్టంతో మొదలై మిగతా రాష్ట్రాలకీ పాకింది. తెలుగులోనూ పరీక్ష ఉంది.

7. ఎక్కడ ఆగాలో తెలుసుకోండి

కాస్త ఇంగ్లిష్ రాగానే ఇంటిల్లిపాదీ మిమ్మల్నే ముందుకి నెడతారు. బిల్లులు, బ్యాంకు, స్కూల్ ఉత్తరాలు సరే. ఆస్పత్రి దగ్గర మాత్రం ఒప్పుకోకండి. అమ్మకి వచ్చిన జబ్బు గురించి డాక్టర్ చెప్పేది పదహారేళ్ల పిల్ల నోటితో చెప్పించడం తప్పు, ఒక్క మాట తేడా పడినా మందు మారిపోతుంది. 2010 నాటి అఫర్డబుల్ కేర్ యాక్ట్ అనే ఆరోగ్య చట్టం 1557వ సెక్షన్ కింద, ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ డబ్బు తీసుకునే ఆస్పత్రులు ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇవ్వాలి. ప్రాణాపాయం లాంటి అత్యవసరంలో తప్ప మైనర్ పిల్లల్ని ఆ పనికి వాడకూడదు. మనిషి దొరక్కపోతే ఫోన్‌లోనో వీడియోలోనో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని కలుపుతారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పి పెట్టండి.

ఇమిగ్రేషన్ ఫారాలు కూడా అంతే. ఎదురింటి ఆంటీ కాగితాలు పట్టుకొచ్చి 'ఇందులో ఏది నింపాలో చూడమ్మా' అంటే అక్కడున్నది చదివి తెలుగులో చెప్పండి. ఏ ఫారం వేయాలి, ఏ గడిలో ఏం రాయాలి అన్న సలహా మాత్రం ఇవ్వొద్దు. అది లాయర్లూ, న్యాయశాఖ గుర్తింపు ఉన్న సంస్థల ప్రతినిధులూ చేయాల్సిన పని, వేరేవాళ్లు చేస్తే చట్టవిరుద్ధం. తప్పుపడితే నష్టపోయేది ఆంటీ. అలాంటి సంస్థ దగ్గర్లో ఎక్కడుందో వెతికి పెట్టి, ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకుని, ఆ రోజు ఆవిడకి తోడు వెళ్లండి.