పసివాళ్ళకి విరేచనాలు పట్టుకుంటే: యాంటీబయాటిక్ సీసా మూత తీయకముందు చేయాల్సినవి

మా చిన్నోడికి ఎనిమిదో నెల నడుస్తున్నప్పుడు విరేచనాలు పట్టుకున్నాయి. పొద్దున్నించి నాలుగుసార్లు నీళ్ళలా పోయేసరికి ఇంట్లో అందరికీ టెన్షన్. మా ఆయన వీధి చివర మెడికల్ షాపుకి పరిగెత్తి ఒక సిరప్ తెచ్చారు. ఓఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్, ఆర్నిడజోల్ కలిసిన సీసా. చీటీ లేదు, పిల్లాడి బరువెంతో అడగలేదు, "పిల్లలందరికీ ఇదే ఇస్తామండీ, రెండ్రోజుల్లో కట్టేస్తుంది" అన్నారట. రెండ్రోజులు పోశాం, తగ్గినట్టే ఉంది, ఆపేశాం. మూడు వారాలు తిరక్కుండా మళ్ళీ మొదలైంది, ఈసారి జిగురుతో పాటు నెత్తురు చారలు. హాస్పిటల్లో మలం కల్చర్‌కి, అంటే ఏ క్రిమి ఉందో, ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్షకి పంపించారు. మూడో రోజు చేతికొచ్చిన కాగితం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. పైన షిగెల్లా అని పేరు, కింద వరసగా మందుల పేర్లు, ఒక్కో మందు ఎదురుగా ఒక అక్షరం. ఆర్, ఆర్, ఆర్, మళ్ళీ ఆర్. ఆర్ అంటే ఆ మందుకి ఈ క్రిమి లొంగదని. మేం తాగించిన రకం మందు ఎదురుగా కూడా ఆర్. పనిచేస్తుందని ఎస్ ఉన్నవి రెండే, పిల్లాడు చివరికి ఇంజెక్షన్ల మీద గట్టెక్కాడు.

మా సీసా వల్లే ఆ క్రిమి అలా మొండిగా తయారైందని నేను చెప్పను. బయటినుంచే అలా వచ్చి ఉండొచ్చు, షిగెల్లాలో మందులకి లొంగని రకాలు ఇప్పుడు మన దేశమంతా తిరుగుతున్నాయి. కానీ మొదటిసారి వచ్చిన నీళ్ళ విరేచనాలకి ఆ సిరప్ అక్కర్లేదని డాక్టర్ గారు చెప్పినప్పుడు మాత్రం కడుపులో దేవినట్టయింది. అందుకే ఇది రాస్తున్నా.

ముందు పిల్లని చూడండి, విరేచనాలు లెక్కపెట్టడం తర్వాత. తల్లిపాల మీదే ఉన్న పసివాళ్ళు రోజుకి ఏడెనిమిదిసార్లు పసుప్పచ్చగా, పలచగా వెళ్ళడం మామూలే, దానికి ఏ మందూ వద్దు. ఎప్పుడూ వెళ్ళేదానికన్నా ఎక్కువసార్లు, నీళ్ళలా పోతుంటేనే విరేచనాలు అనుకోవాలి. పళ్ళొస్తున్నాయి అంటారు, దిష్టి తగిలింది అంటారు. దిష్టి తీస్తే తీయండి, నేనేం వద్దనను, కానీ ఒకరు దిష్టి తీస్తుంటే ఇంకొకరు ఓఆర్ఎస్ కలుపుతూ ఉండాలి.

ఇంట్లో చూసుకోకుండా వెంటనే హాస్పిటల్‌కి ఎత్తుకెళ్ళాల్సిన సందర్భాలు ఉన్నాయి. రెండు నెలల లోపు బిడ్డయితే ఆలోచించకండి, వెళ్ళిపోండి. మలంలో నెత్తురు కనిపించినా, తాగింది తాగినట్టు కక్కేస్తున్నా, కళ్ళు గుంటలు పడినా, నడినెత్తిన మాడు లోపలికి దిగినట్టున్నా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, ఆరు గంటలుగా డైపర్ పొడిగా ఉన్నా, పాలు పట్టలేనంత నీరసంగా, లేపితే లేవనంత మత్తుగా ఉన్నా, జ్వరం గట్టిగా ఉన్నా ఆలస్యం చేయొద్దు. ఇంకొకటి, పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో మెల్లగా పట్టి వదిలితే టక్కున సర్దుకోవాలి. ముడత అలాగే నిలిచి నెమ్మదిగా దిగుతోందంటే ఒంట్లో నీరు బాగా పోయిందని. పిల్ల మెలకువగా ఉండి మింగగలిగితే దారిలో కూడా చెంచాతో ఓఆర్ఎస్ పడుతూనే వెళ్ళండి.

ఇక ఓఆర్ఎస్ సంగతి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థులు బొంగావ్ శిబిరంలో కలరాతో రాలిపోతుంటే, సెలైన్ సీసాలు అయిపోయి, డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఉప్పు, గ్లూకోజ్, వంట సోడా కలిపిన నీళ్ళు నింపి ఇంటివాళ్ళ చేతే తాగించారు. అక్కడ 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. అంత బలమైన మందు మన ఊరి ఆశా కార్యకర్త దగ్గర, పీహెచ్‌సీలో ఊరికే దొరుకుతుంది.

కలిపేటప్పుడే చాలామంది తప్పు చేస్తారు. పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్ళకి, మొత్తం ఒకేసారి పోసేయాలి. గ్లాసుకి చిటికెడు వేసి మిగతాది మడిచి దాచిపెడితే ఉప్పు ఎక్కువో తక్కువో అవుతుంది, పసివాళ్ళ ఒంటికి అది ప్రమాదం. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లు కూడా ఉంటాయి, వెనకాల చదివి కలపండి. కాచి చల్లార్చిన నీళ్ళు, కొలతకి లీటరు సీసా. పాలల్లో కలపొద్దు, పైన పంచదార వేయొద్దు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపాలి. ప్యాకెట్టే దొరక్కపోతే లీటరు నీళ్ళకి తల కొట్టిన టీస్పూన్లతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, అది కూడా ప్యాకెట్ వచ్చేదాకే.

రెండేళ్ళ లోపు పిల్లలకి విరేచనం అయిన ప్రతిసారీ పావు గ్లాసు నుంచి అర గ్లాసు, అంటే 50 నుంచి 100 మిల్లీలీటర్లు. గడగడా తాగిస్తే కక్కేస్తారు. ఉగ్గుగిన్నె ఉంటే తీయండి, లేకపోతే చెంచా, నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా. వాంతయితే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టండి. మా అమ్మ ఒళ్ళో పెట్టుకుని రాత్రంతా ఇలాగే పట్టింది, నిజంగా ఓపిక పట్టే పని ఇది. పాలసీసా మాత్రం వద్దు, ఆ రబ్బరు పీక లోపల మురికి ఎంత కడిగినా పోదు.

షాపులో రంగురంగుల అట్టపెట్టెల్లో వచ్చే డ్రింకులు ఓఆర్ఎస్ కావు. వాటిలో పంచదార ఎన్నో రెట్లు ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీనిమీద ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో అలాంటి డ్రింకుల పేరులో ఓఆర్ఎస్ అన్న మాటే వాడకూడదని దేశంలో ఆహార పదార్థాల భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి తీసుకోండి.

దాంతోపాటు జింక్. రెండు నుంచి ఆరు నెలల వాళ్ళకి రోజుకి 10 మిల్లీగ్రాములు, ఆరు నెలలు దాటితే 20, చెంచాలో తల్లిపాలతోనో నీళ్ళతోనో కరిగించి 14 రోజులు. మూడోరోజుకే విరేచనాలు ఆగినా 14 రోజులూ వేయాలి. తల్లిపాలు ఆపొద్దు, ఇంకా ఎక్కువసార్లు ఇవ్వండి. ఆరు నెలలు దాటిన పిల్లకి మెత్తటి అన్నం, పెసరకట్టు, పెరుగు, అరటిపండు పెట్టొచ్చు, కడుపు మాడ్చడం అస్సలు వద్దు. పెద్దవాళ్ళు వేసుకునే, విరేచనాలు కట్టేసే మాత్రలు నలిపి పోయడం పసివాళ్ళకి ప్రాణం మీదకి తెస్తుంది.

యాంటీబయాటిక్ ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. పసివాళ్ళ నీళ్ళ విరేచనాల్లో చాలావాటికి రోటా లాంటి వైరస్‌లు కారణం, వైరస్‌ని ఏ యాంటీబయాటిక్కూ ఏమీ చేయదు. అది చేసేదల్లా పేగుల్లో ఉన్న మంచి బాక్టీరియాని చంపి, మందుకి లొంగని నాలుగింటికి చోటు ఖాళీ చేసి పెట్టడం. అవి ఊరుకోవు. ప్లాస్మిడ్ అని గుండ్రటి చిన్న డీఎన్ఏ ముక్క ఉంటుంది, మందుని ఎలా తట్టుకోవాలో అందులో రాసి ఉంటుంది, ఒక బాక్టీరియా దాన్ని పక్కనున్న వేరే జాతి బాక్టీరియాకి కూడా ఇచ్చేయగలదు. 1950లలో జపాన్‌లో రక్త విరేచనాల రోగుల్లో ఒకేసారి నాలుగు మందులకి లొంగని షిగెల్లా కనిపించి డాక్టర్లు తలపట్టుకున్నారు, పేగుల్లో మామూలుగా ఉండే ఈ.కొలై నుంచి షిగెల్లాకి ఆ గుణం పాకుతుందని 1959లో అక్కడే తేలింది. అంటే ఈరోజు అనవసరంగా పోసిన సిరప్ రేపటి రోగాన్ని మొండిది చేయగలదు, మన పిల్లలోనే కాకపోయినా పక్కింటి పిల్లలో. మందు కలిసిన నీళ్ళు బయట ఉన్నా అదే జరుగుతుంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు శుద్ధి చేసి వదిలిన నీళ్ళు పరీక్షిస్తే, లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు.

అలాగని యాంటీబయాటిక్ ఎప్పుడూ వద్దని కాదు. నెత్తురు పడితే, కలరా అనుమానం ఉంటే, పిల్ల బాగా చిక్కిపోయి ఉంటే అవసరం రావచ్చు, అది డాక్టర్ చూసి తేల్చాల్సింది. చీటీ రాస్తుంటే "డాక్టర్ గారూ, ఇందులో యాంటీబయాటిక్ ఉందా, తప్పనిసరా?" అని అడగండి, అందులో మర్యాద తక్కువేం లేదు. రాస్తే మాత్రం చెప్పిన మోతాదు, చెప్పినన్ని రోజులు, మేం చేసినట్టు మధ్యలో ఆపొద్దు. పొడిలో కాచి చల్లార్చిన నీళ్ళు పోసి కలిపే సిరప్‌లని కలిపాక లేబుల్ మీద ఎన్ని రోజులని ఉంటే అన్ని రోజుల్లోపే వాడాలి, మిగిలింది అక్కకో పక్కింటి బాబుకో ఇవ్వొద్దు. మందు అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉందంటే చీటీ లేకుండా అమ్మకూడదని అర్థం.

ఇంట్లో మిగతావాళ్ళకి అంటకుండా చూసుకోవడం సబ్బుతో మొదలవుతుంది. షిగెల్లా పది నుంచి వంద క్రిములు లోపలికి పోయినా చాలు, జబ్బు చేస్తుంది, అంటే గోరు సందులో మిగిలినంత కూడా ఎక్కువే. డైపర్ మార్చాక, పిల్లని కడిగాక, అన్నం కలిపేముందు మామూలు సబ్బుతో గోళ్ళ సందుల దాకా రుద్దుకోండి. పసివాళ్ళ మలం మంచిదేలే అని పెరట్లో, కాలవలో పారేస్తుంటారు, అది కూడా మరుగుదొడ్లోనే వేయాలి. రోటా టీకా చుక్కలు ఆరు, పది, పద్నాలుగు వారాలకి ప్రభుత్వ టీకాల్లోనే ఉచితంగా వేస్తారు, 2016లో మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. అవి తప్పించొద్దు.

మా ఇంట్లో ఇప్పుడు వంటగది పై అరలో ఒక స్టీలు డబ్బా ఉంటుంది. నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక జింక్ అట్ట, కొలతకి లీటరు సీసా, చెంచా, మా అమ్మ ఇచ్చిన ఉగ్గుగిన్నె. మొన్న ఎదురింటమ్మాయి పాపకి విరేచనాలని, మా దగ్గర సిరప్ ఏమైనా మిగిలిందా అని అడగడానికొస్తే ఆ డబ్బాలోంచి రెండు ప్యాకెట్లు తీసిచ్చి, కూర్చోబెట్టి ఎలా కలపాలో చూపించి పంపాను.