ఫైనాన్స్ రంగం, వాణిజ్యం, విదేశీ పెట్టుబడి: మూడింటి సంబంధాన్ని డేటాతో తేల్చడం ఎలా?

సరుకు ఓడెక్కాక డబ్బు చేతికి రావడానికి ఎగుమతిదారుకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అంతవరకూ చాలామంది వ్యాపారం నడిచేది బ్యాంకు అప్పు మీద, లెటర్ ఆఫ్ క్రెడిట్ (కొనేవారి తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) మీదే. అందుకే బ్యాంకులు బలపడితే వాణిజ్యం పెరుగుతుందంటారు. దీనికి ఎదురు వాదన కూడా అంతే బలంగా ఉంది. బయటి పోటీ తగిలిన కంపెనీలు కొత్త యంత్రాల కోసం అప్పు అడుగుతాయి, విదేశీ సంస్థలు వచ్చాక వాటికి సరుకు అందించేవాళ్లూ పెట్టుబడి కోసం వెతుకుతారు, అలా బ్యాంకులు ఎదుగుతాయి. మీరు తీసుకున్న దేశంలో ఏది ముందు నడుస్తోందో లెక్క కట్టి చూడాల్సిందే.

ప్రపంచ బ్యాంకు 'వరల్డ్ డెవలప్‌మెంట్ ఇండికేటర్స్' నుంచి మూడు సిరీస్‌లు (ఏటేటా అంకెల వరుసలు) దించుకోండి: ప్రైవేటు రంగానికి దేశీయ రుణం, ఎగుమతులు దిగుమతుల మొత్తం, విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి (ఎఫ్‌డీఐ) నికర రాక. మూడూ జీడీపీలో శాతాలుగా దొరుకుతాయి. రుణం ఒక్కటే చూస్తే లోతు, అంటే ఆర్థిక వ్యవస్థతో పోలిస్తే ఫైనాన్స్ రంగం ఎంత పెద్దదో తెలుస్తుంది గానీ, ఆ రుణం ఎంతమందికి అందుతోందో, బ్యాంకులు ఎంత సమర్థంగా పనిచేస్తున్నాయో తెలియదు. 2008లో ఐస్‌లాండ్‌లో మూడు పెద్ద బ్యాంకులు కూలాయి. దానికి ముందు ఏళ్లలో అక్కడ రుణాలు విపరీతంగా పెరిగాయి, దాన్ని అభివృద్ధి అనలేం కదా! అందుకే ఐఎంఎఫ్ ఫైనాన్షియల్ డెవలప్‌మెంట్ సూచీని కూడా పక్కన పెట్టుకోండి. అది 1980 నుంచి మొదలై 0, 1 మధ్య ఉంటుంది. సంస్థలకూ మార్కెట్లకూ విడివిడిగా లోతు, అందుబాటు, సామర్థ్యం కొలుస్తుంది.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే: మూడింటికీ హారం ఒకటే, జీడీపీ. మాంద్యంలో జీడీపీ పడిపోతే, లవాలు కదలకపోయినా మూడు నిష్పత్తులూ ఒకేసారి పైకి లేస్తాయి. లెక్క కట్టే సాఫ్ట్‌వేర్ దాన్ని 'గట్టి సంబంధం' అని చూపిస్తుంది. దీన్ని పట్టుకోవాలంటే స్థిర ధరల్లో ఎగుమతులు, రుణాల విలువలను తీసుకుని వాటి వృద్ధి రేట్లతో మళ్లీ లెక్కించండి. అప్పుడూ నిలిస్తేనే నమ్మండి.

ద్రవ్యోల్బణం ఎక్కువున్న దేశాల్లో ఇంకో చిక్కుంది. రుణం ఏడాది చివరి రోజు నిల్వ, జీడీపీ ఏడాదంతా వచ్చిన ప్రవాహం. నిరుడు చివర రుణం 40, ఈ ఏడాది చివర 60, జీడీపీ 120 అనుకుందాం. నేరుగా భాగిస్తే 50 శాతం. ధరల సూచీ నిరుడు చివర 100, ఈ ఏడాది సగటు 120, చివర 140. ఏనాటి నిల్వను ఆనాటి సూచీతో భాగిస్తే 0.40, 0.429 వస్తాయి, వాటి సగటు 0.414. జీడీపీని సగటు సూచీతో భాగిస్తే 1. అంటే అసలు నిష్పత్తి 41.4 శాతమే. దాదాపు తొమ్మిది పాయింట్ల తేడాలో ఎక్కువ భాగం ఉత్త ధరల గాలి.

ఎఫ్‌డీఐ అంటే సాధారణంగా 10 శాతం లేదా అంతకుమించి ఓటు హక్కు ఉన్న వాటా. నికర రాక కొన్నేళ్లు మైనస్‌లో ఉంటుంది కాబట్టి లాగరిథమ్ తీయడం కుదరదు. ఆ ఏళ్లను తీసేస్తే ఫలితం ఒక పక్కకు ఒరుగుతుంది, అసలు శాతాలతోనే పనిచేయండి. లక్సెంబర్గ్ లాంటి చోట్ల పెట్టుబడి కాగితం కంపెనీల గుండా దాటిపోతుంది, ఫ్యాక్టరీ మాత్రం ఉండదు. పలు దేశాల పోలికలో అలాంటివాటిని ఒకసారి ఉంచి, ఒకసారి తీసి చూడండి.

ఇక పరీక్షలు. ముందు ఏడీఎఫ్ (ఆగ్మెంటెడ్ డికీ-ఫుల్లర్) పరీక్షతో ప్రతి సిరీస్ నిలకడ, అంటే దాని సగటు, ఊగిసలాట కాలంతో మారకుండా ఉన్నాయా అన్నది చూడాలి. కొన్ని నేరుగా, కొన్ని ఒక తేడా తీశాక (ప్రతి ఏటి విలువలోంచి నిరుటి విలువ తీసేశాక) నిలకడగా ఉంటే, దీర్ఘకాలిక సంబంధం ఉందో లేదో చూసే ఏఆర్‌డీఎల్ బౌండ్స్ పద్ధతి పనికొస్తుంది. రెండు తేడాలు కావాల్సిన సిరీస్ ఒక్కటున్నా ఆ పరీక్ష చెల్లదు. దీర్ఘకాలిక సంబంధం ఉంటే సర్దుబాటు గుణకం తప్పక మైనస్‌లో రావాలి: −0.25 అంటే ఆ సంబంధం నుంచి పక్కకు జరిగిన దూరంలో పావు వంతు ఏటా పూడుతోందని అర్థం.

దిశ కోసం గ్రాంజర్ పరీక్ష. అది చెప్పేది ఏది ముందు కదిలిందో మాత్రమే, ఏది కారణమో కాదు. లాగ్‌లు, అంటే వెనక్కి చూసే ఏళ్లు, 1 లేదా 2 చాలు. 30 ఏళ్ల డేటా, మూడు చలరాశులు, 4 లాగ్‌లు పెడితే ఒక్కో సమీకరణంలో 13 గుణకాలు, వాటికి మిగిలేది 26 పరిశీలనలు. ఆ ఫలితాన్ని పట్టించుకోనక్కర్లేదు.

చివరగా 2009ని పక్కన పెట్టి అంతా మళ్లీ నడపండి. ఆ ఏడాది ప్రపంచ సరుకుల వాణిజ్యం పరిమాణంలో దాదాపు 12 శాతం పడిపోయింది, రుణమూ బిగుసుకుంది. ఆ ఒక్క ఏడాది తీస్తే సంబంధం మాయమైతే, మీరు కొలిచింది సంక్షోభాన్నే.